సూపర్ 130 మెత్తదనం, నా ప్యాంటు చిరుగు

ఆరేళ్ల క్రితం కోర్టుకని నల్ల సూటు కుట్టించుకున్నాను. షాపతను ఊలు గుడ్డ తాను విప్పి "సూపర్ 130 సార్, పట్టులా ఉంటుంది" అన్నాడు. నిజంగానే పట్టులా ఉంది. చేత్తో నిమిరి, ఇంకేమీ అడక్కుండా మూడుంబావు మీటర్లు కోయించాను. తోటి లాయర్లు భుజం తడిమి చూసి అడిగితే, ఇదే కొనమని నలుగురికి చెప్పాను కూడా. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

రెండేళ్లు నిండకుండానే ఒకరోజు కోర్టు హాల్లో కింద పడ్డ ఫైళ్ల కట్ట తీయబోయి వంగాను. ప్యాంటు తొడ లోపలివైపు పర్రుమంది. కుట్టు ఊడితే సూదీ దారంతో పోయేది. చిరిగింది గుడ్డ. సాయంత్రం దాకా ఆ కట్టే అడ్డం పెట్టుకుని తిరిగాను. ఆ టెన్షన్‌లో కక్షిదారుతో సరిగా మాట్లాడలేకపోయాను. అంత డబ్బు పోసి కొన్న గుడ్డ మీద ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అటునుంచి అటే టైలర్ మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన ప్యాంటు తిరగేసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నారు. రెండో తొడ దగ్గర కూడా అరచేయంత మేర జల్లెడలా వెలుగు కనిపించింది. "రోజూ బండి మీద ఎంత దూరం తిరుగుతారు లాయర్ గారూ?" అన్నారు. పోనూ రానూ 24 కిలోమీటర్లు. సీటు రాపిడికి, చెమటకు ఇంత సన్నటి ఊలు ఆగదన్నారు. సూపర్ పక్కన ఉండే ఆ నంబరు చెప్పేది ఊలు వెంట్రుక ఎంత సన్నమో అంతే. సూపర్ 100 అంటే వెంట్రుక మందం సగటున 18.75 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మించకూడదు, 130 అంటే 17.25. నంబరు పెరిగితే మెత్తదనం పెరుగుతుంది, మన్నిక కాదు. కోసేముందు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

రెండోసారి గుడ్డ మాస్టారే చూశారు. బాగా మెలిపెట్టిన రెండు పోగుల దారంతో సాదా నేత నేసిన ఊలు, హై ట్విస్ట్ అంటారు. ముట్టుకుంటే గరుకు. నాకు నచ్చలేదు. ఆయన ఒక కొస గుప్పిట్లో నలిపి, పది లెక్కపెట్టి వదిలారు. ముడతలు కళ్లముందే విచ్చుకున్నాయి. మళ్లీ ట్యూబులైటుకు పట్టి చూపించారు. ఈసారీ వెలుగు కనిపించింది గానీ, అది అరుగుదల కాదు, పడుగూ పేకల మధ్య వదిలిన సందులు. చదరపు మీటరుకు 270 గ్రాములు, పాతదానికంటే బరువే. అయినా జూన్‌లో బెజవాడ ఉక్కపోతకు ఇదే హాయిగా ఉంది. కోటు వీపుకు సగమే లైనింగ్ వేయించడం కూడా కలిసొచ్చి ఉండొచ్చు.

నాలుగేళ్లుగా ఇదే వాడుతున్నాను. రాత్రి హ్యాంగరుకు తగిలిస్తే తెల్లారేసరికి మోకాళ్ల దగ్గరి ముడతలు పోతున్నాయి. మొదట్లో తొడలు దురదపెట్టాయి. మోకాళ్ల దాకా లైనింగ్ వేయించాకే ఆ బాధ తప్పింది.

పాత కోటు మాత్రం పారేయలేదు. మోచేతుల దగ్గర కాస్త మెరుపు తేలింది గానీ, ఏసీ హాల్లో రిసెప్షన్‌కు బూడిదరంగు ప్యాంటు మీద వేసుకుంటే, ఆ ఒంపు ఈ గరుకు గుడ్డకు రాదు. కారులో తిరిగేవాళ్లకు అదే నచ్చొచ్చు. బండి మీద తిరిగేవాళ్లు అదే కావాలనుకుంటే, అదే తానులో మరో మీటరుంబావు అప్పుడే కోయించి రెండో ప్యాంటు కుట్టించుకోండి. నేను ప్యాంటు చిరిగాక వెళ్లి అడిగితే ఆ తాను అయిపోయిందన్నారు.