తోజి గుడి సంతకి 21వ తేదీనే వెళ్ళండి, అదీ పొద్దున్నే

జపాన్ వెళ్తున్నాం, గుర్తుగా ఏం తెచ్చుకోవాలి, ఎక్కడ కొనాలి అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇక ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను. ముందే చెప్పేస్తాను. మీ ప్రయాణంలో 21వ తేదీ (ఏ నెలైనా సరే) పడితే ఆ రోజు క్యోటోలో తోజి గుడి సంత దగ్గర ఉండేలా చూసుకోండి. మిగతా షాపింగ్ అంతా ఎయిర్‌పోర్టులో కానిచ్చేసినా పెద్ద నష్టమేం లేదు.

అందరూ మొదట వెళ్ళేది టోక్యోలో అసాకుసా దగ్గరున్న సెన్సోజి గుడికి. నేనూ అంతే. పెద్ద ఎర్ర లాంతరు వేలాడే కామినారిమోన్ ద్వారం దాటగానే గుడిదాకా 250 మీటర్ల వీధి, రెండు పక్కలా కలిపి 90 దాకా చిన్న చిన్న కొట్లు, దాన్ని నకామిసె అంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ నాలుగు కొట్లు దాటేసరికి తెలిసిపోతుంది, అవే విసనకర్రలు, అవే చెయ్యెత్తిన పిల్లి బొమ్మలు, కిమోనో అని చెప్పి అమ్మే అవే పాలిస్టర్ గౌన్లు. ఒక కొట్లో నచ్చనిది పక్క కొట్లోనూ నచ్చదు, ఎందుకంటే రెండూ ఒకటే. అక్కడ నాకు నచ్చింది తిండి. కళ్ళముందే ఇనప అచ్చుల్లో పోసి కాల్చే నింగ్యోయాకి (లోపల తియ్యటి ఎర్ర చిక్కుడు ముద్ద ఉంటుంది) వేడివేడిగా తినాల్సిందే, డబ్బాలో పెట్టించుకుని తెస్తే మర్నాటికి ఆ రుచి ఉండదు. కొన్నచోటే నిలబడి తినేయండి, నడుస్తూ తినడం అక్కడ మర్యాద కాదు.

నా మొదటి దెబ్బ కూడా ఇలాంటి గుడి వీధిలోనే తగిలింది. ఏ ఊరో, ఏ కొట్టో చెప్పను. నల్లగా, ఒంటినిండా చిన్న చిన్న బుడిపెలతో ఉన్న ఇనప కెటిల్, చూడగానే మనసు పారేసుకున్నాను. 6,800 యెన్లు. బరువు చూస్తే చెయ్యి లాగేస్తోంది, బ్యాగులో బట్టలు తగ్గించి మరీ మోసుకొచ్చాను. తీరా ఇంటికొచ్చి మూత తీసి చూస్తే లోపలంతా నున్నగా మెరుస్తూ ఎనామిల్ పూత! అంటే అది నీళ్ళు కాచుకునే తెత్సుబిన్ కాదు, కాచిన నీళ్ళు పోసుకుని టీ ఆకు నానబెట్టుకునే క్యూసు. స్టవ్ మీద పెడితే పూత పగులుతుంది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. కాబట్టి ఇనప కెటిల్ కొనేవాళ్ళు ముందు మూత తీసి లోపలికి చూడండి. లోపల ఉత్త ఇనుమే కనబడితే నిప్పు మీద పెట్టేది, పింగాణీలా మెరిస్తే టీ పోసుకునేది.

ఇక అసలు విషయం. తోజి గుడి క్యోటో స్టేషన్‌కి నైరుతి వైపు, నడిస్తే పావుగంట. 823లో అప్పటి చక్రవర్తి ఈ గుడిని కూకై అనే భిక్షువుకి అప్పగించాడు. పోయిన చాలా ఏళ్ళకి ఆయనకి కోబో దైషి అని పేరొచ్చింది. ఆయన పోయింది 835లో, పాత పంచాంగం ప్రకారం మూడో నెల 21న. ఆ తేదీ పట్టుకుని ఇప్పటికీ ప్రతి నెలా 21న గుడి ఆవరణలో సంత పెడతారు, అది ఏ వారమైనా సరే. ఊళ్ళోవాళ్ళు దాన్ని సంత అని కూడా అనరు, "కోబో సాన్" అంటారు, అంటే కోబో గారు! "రేపు కోబో గారికి వెళ్తున్నా" అన్నట్టు. వెయ్యికి పైగా కొట్లు. జనవరిదీ డిసెంబరుదీ మరీ పెద్దవి, ఆ రెండు నెలల్లో భుజాలు రాసుకుంటూ నడవాలి.

నేను ఆరున్నరకి చేరాను. ఐదంతస్తుల గోపురం వెనక ఇంకా మంచు పొగ ఉంది (దాదాపు 55 మీటర్లు, అంతా చెక్కే, ఇప్పుడున్నది 1644లో కట్టింది, జపాన్‌లో ఇంతకంటే ఎత్తయిన పాత చెక్క గోపురం లేదు), దాని కింద నీలం పట్టాలు పరుచుకుని సామాన్లు దించుకుంటున్నారు. సగం కొట్లు ఇంకా తెరవనే లేదు, అయినా చేతిలో టార్చిలైటు పట్టుకుని పింగాణీ పెట్టెల్లోకి తొంగిచూస్తున్న పెద్దాళ్ళు కనిపించారు. వాళ్ళంతా పాతసామాను వ్యాపారులట, మంచి సరుకంతా మనలాంటివాళ్ళు నిద్ర లేచేలోపే వాళ్ళ చేతిలో పడుతుందన్నమాట. పది దాటాక టూరిస్టు బస్సులు దిగుతాయి. సాయంత్రం నాలుగింటికి సర్దేస్తారు.

సరుకు గురించి. కొత్తగా తయారైన బొమ్మలూ కీచెయిన్లూ ఇక్కడా ఉన్నాయి, వాటి జోలికి పోకండి. ఎవరో వాడి, కడిగి, దాచి, ఇప్పుడు అమ్మకానికి పెట్టినవి చూడండి. నేను సోబాచోకో అనే గ్లాసుల దగ్గర ఆగిపోయాను. సోబా నూడుల్స్ ముంచుకునే సాస్ పోసుకోవడానికి వాడే చిన్న పింగాణీ కప్పులు, పిడి ఉండదు, తెలుపు మీద నీలం రంగు పూలు, అరచేతిలో సరిగ్గా ఇముడుతుంది. ఒక ముసలాయన చెక్కపెట్టెలో పాత న్యూస్‌పేపర్ల మధ్య ఓ ఇరవై దాకా పెట్టుకున్నాడు. నేనొకటి చేతిలోకి తీసుకున్నానో లేదో ఆయన దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని గోటితో మీటాడు. టప్ మంది. తల అడ్డంగా ఊపి "న్యూ" అన్నాడు. ఇంగ్లీషులో కొత్తది అంటున్నాడేమో, పాత సామాన్లలో కొత్తదేంటి అనుకున్నాను. తర్వాత తెలిసింది, వెంట్రుకంత సన్నటి బీటని వాళ్ళ భాషలో న్యూ అంటారు. ఆయన ఇంకోటి తీసి మీటాడు, ఖంగుమని మోగింది. అది నా చేతిలో పెట్టాడు. ఇలా పెట్టెంతా మీటి మీటి మోగినవి ఒక పక్క, మూగవి ఒక పక్క పెట్టేశాడు. తన సరుకులో లోపం తనే వెతికి చూపించే అమ్మకందారుని నేను అదే మొదటిసారి చూడ్డం.

ఒక్కోటి 1,500 యెన్లు. నాలుగు కావాలన్నాను. నాలుగు వేళ్ళు చూపిస్తే ఆయన మొహం అదోలా పెట్టాడు. అక్కడ గిన్నెలూ కప్పులూ ఐదేసి సెట్టు. నాలుగు అనే అంకెకీ చావుకీ పలికే మాట ఒకటే, "షి". సరే ఐదు ఇవ్వండి అన్నాను, కాలిక్యులేటర్ మీద 7,500 కొట్టి చూపించాడు.

బేరం ఆడొచ్చా అని అందరూ అడుగుతారు. ఆడొచ్చు, కానీ గొంతు పెంచకూడదు, సగానికి అడగకూడదు, అడిగి వెళ్ళిపోతున్నట్టు నటిస్తే వెనక్కి పిలవరు. ఒకటి కాకుండా రెండు మూడు కొంటూ నవ్వుతూ అడిగితే కొంచెం తగ్గిస్తారు. ఆ పక్కన క్యోటో, ఒసాకా వైపు దీనికో తమాషా మాటుంది. "బెంక్యో" అంటే చదువుకోవడం, పిల్లలు పుస్తకాలు ముందేసుకుని చేసేది. అదే మాట సంతలో అంటే రేటు తగ్గించడం. హోటల్లో రాత్రంతా సాధన చేసి వెళ్ళి ఆ ముసలాయనతో "బెంక్యో" అన్నాను. ఆయన పక్కకొట్టు ఆవిడకి వినబడేలా ఏదో అని ఇద్దరూ పగలబడి నవ్వారు. 7,000 ఇచ్చాను. నవ్వించినందుకు 500 అనుకున్నాను.

బట్టల దగ్గర జాగ్రత్త. పాత కిమోనోలు గుట్టలు పోసి ఒక్కోటి 1,000 అని అట్టముక్క మీద రాసి పెడతారు, అది చూడగానే చేతులాగవు. కానీ వెనకటి మనుషుల కొలతలకి కుట్టినవి, చేతులు పొట్టి. నేను కొన్నది వేసుకుంటే మణికట్టుకి జానెడు పైనే ఆగిపోయింది. అసలు కిమోనో అనేది ఓ 36 నుంచి 38 సెంటీమీటర్ల వెడల్పున్న థానుని అన్నీ నిలువు గీతల్లో కోసి కుట్టింది, అందుకని కుట్లు విప్పేస్తే మళ్ళీ గుడ్డ గుడ్డలాగే వస్తుంది. బట్టగా కాక గుడ్డగా కొంటే లాభం. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, పురుగు కొట్టిన చిల్లులు అలా అయితేనే తెలుస్తాయి. లోపల ఎర్ర పట్టు అస్తరు ఉన్నవాటిని ఇంటికి తెచ్చి నీళ్ళలో పెట్టారో, రంగు దిగి పైగుడ్డ మొత్తం ఖరాబు.

వేసుకోవడానికే కావాలంటే హవొరి చూడండి, కిమోనో మీద వేసుకునే కోటు. జీన్స్ మీద కూడా బాగుంటుంది. అందులోనూ మగవాళ్ళ హవొరి. పైకి నల్లగా, ఏ అందమూ లేకుండా, చావింటికి వెళ్ళేవాడిలా ఉంటుంది. విప్పి లోపలివైపు తిరగేస్తే బొమ్మ! నాకు దొరికినదాని వీపు లోపల ఫూజి కొండ, దాని పాదాల దగ్గర సన్నటి గీతల్లో చెరువు, అంచున ఒకే ఒక్క పడవ, దాంట్లో మనిషి గోరంత. వేసుకున్నవాడికి తప్ప ఎవరికీ కనబడదు, విప్పినప్పుడు ఓ క్షణం ఎదుటివాళ్ళ కంటబడాలి, అంతే. పైకి ఆర్భాటం చూపించకూడదని షోగునులు, అంటే సైన్యాధిపతులు, ఏలిన కాలంలో కట్టడి పెడితే ఇలా సోకంతా లోపలికి మళ్ళించారంటారు. 2,500 యెన్లు ఇచ్చాను, బేరం ఆడబుద్ధి కాలేదు. (కిమోనో వేసుకుని ఫొటో దిగేవాళ్ళకి ఒక మాట: ఎడమవైపు అంచు పైన ఉండాలి. కుడివైపు పైన వేసేది శవానికి.)

గుడి లోపల ఇచ్చే తాయెత్తులు, ఒమామొరి అంటారు, అవి వేరే సంగతి. వాటి దగ్గర బేరం మాట ఎత్తకండి, కొన్నాం అని కూడా అనరు, స్వీకరించాం అంటారు. చిన్న జరీ సంచీలు, చదువుకి ఒకటి, ప్రయాణానికి ఒకటి, సుఖప్రసవానికి ఒకటి. సంచీ విప్పి లోపలేముందో చూడకూడదు. ఏడాది అయ్యాక గుడిలో తిరిగిచ్చేస్తే వాళ్ళే పద్ధతి ప్రకారం కాల్చేస్తారు. దగ్గరి వాళ్ళకి ఇవ్వడానికి ఇంతకంటే తేలికైనదీ బరువు లేనిదీ నాకు కనబడలేదు.

నాకు అన్నిటికంటే విలువైనది మాత్రం గోషుయిన్. ముందు గోషుయిన్‌చో అనే మడతల పుస్తకం కొనుక్కోవాలి, మామూలు నోటుబుక్కు ఇస్తే రాయరు. ఏ గుడికి వెళ్తే అక్కడ కొన్ని వందల యెన్లు తీసుకుని కుంచెతో దేవుడి పేరు, తేదీ రాసి ఎర్ర ముద్రలు వేసిస్తారు. తడి సిరా ఆరేదాకా మధ్యలో పల్చటి కాగితం పెడతారు. ముద్రల్లో ఒకదాంట్లో వంకర్లు తిరిగిన అక్షరం చూసి ఇదేదో తెలిసిన బాపతులా ఉందే అనిపిస్తే మీ అనుమానం నిజమే, అది సిద్ధం లిపి, సంస్కృత బీజాక్షరాలని జపాన్‌లో ఇప్పటికీ ఆ లిపిలోనే రాస్తారు. సంత రోజు లైను పొడుగ్గా ఉంటుంది, అయినా నిలబడండి. అలాగే విడిగా టికెట్టు తీసుకుని కోదో అనే మండపంలోకి వెళ్తే నాలుగు హంసల మీద కూర్చున్న బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు కనిపిస్తారు. వాళ్ళ పేర్లక్కడ బోంతెన్, తైషాకుతెన్. బయట సంత గోల, లోపల ఆ చీకట్లో వీళ్ళిద్దరూ. నేను సామాన్ల సంచీ కింద పెట్టి చాలాసేపు నిలబడిపోయాను.

దరుమ బొమ్మ కావాలనుకునేవాళ్ళు మాత్రం, వీలైతే, మార్చి 3, 4 తేదీల్లో టోక్యో పక్కన చోఫులో జిందైజి గుడికి వెళ్ళండి. దరుమ అంటే బోధిధర్ముడే, చైనా వెళ్ళిన మన దేశపు భిక్షువు. కాళ్ళూ చేతులూ లేని గుండ్రటి ఎర్ర బొమ్మ, కళ్ళు తెల్లగా ఖాళీ. కోరిక కోరుకుని ఒక కన్ను దిద్దాలి, తీరాక రెండోది. మిగతాచోట్ల నల్ల చుక్క పెట్టేస్తారు, జిందైజిలో భిక్షువులే కుంచె పట్టుకుని ఆ కంట్లో సంస్కృత అక్షరం రాస్తారు.

చిల్లర సంగతులు: డబ్బు నోట్లుగా పట్టుకెళ్ళండి, చాలా కొట్లలో కార్డు నడవదు, 1,000 యెన్ల నోట్లు ఎక్కువుంటే మంచిది. మన కార్డుకి డబ్బిచ్చే ఏటీఎం సెవెన్ ఇలెవెన్ షాపుల్లో ఉంటుంది. గుడ్డసంచీ మీరే తెచ్చుకోవాలి. సూట్‌కేసు స్టేషన్ లాకర్లో పడేసి రండి, ఆ ఇరుకులో దాన్ని ఈడుస్తూ తిరిగేవాళ్ళని చూస్తే నాకే టెన్షన్ వచ్చింది. చెత్తబుట్ట కనబడదు, తిన్న పుల్ల ఆ కొట్టువాళ్ళకే తిరిగివ్వాలి. శాకాహారులు తకోయాకి జోలికి వెళ్ళొద్దు, లోపల ఆక్టోపస్, పిండిలోనూ చేపరసం ఉంటుంది. కాల్చిన చిలగడదుంప దొరికితే అదే దిక్కు. దంతంతో చేసిన చిన్న బొమ్మలు ఎంత ముద్దొచ్చినా కొనకండి, దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు.

ఒకవేళ 21 తప్పిపోతే 25 ఉంది. అదే ఊళ్ళో కితానో తెన్‌మాంగు దగ్గర ఆ రోజు సంత, దాన్ని తెంజిన్ సాన్ అంటారు. అది బౌద్ధుల గుడి కాదు, షింతో (జపాన్ వాళ్ళ సొంత మతం) గుడి, చదువుల దేవుడిది. క్యోటో వాళ్ళకో సామెత ఉంది, కోబో గారికి ఎండ కాస్తే తెంజిన్ గారికి వాన అని. ఆ నెల 21న ఎండ ఫెళ్ళున కాసింది. 25న తెల్లారకముందే కుండపోత. గొడుగేసుకుని వెళ్తే కొట్లలో సగం పట్టాలు కప్పేసి ఉన్నాయి, కొనేవాళ్ళు పదిమంది కూడా లేరు. బోణీ కాలేదేమో, ఒకావిడ నేను అడక్కుండానే రెండు నీలం చిన్నపళ్ళేలకి ఇంకో మూడు కలిపి ఐదు చేసి, రెండింటి డబ్బులే తీసుకుంది. ఒక్కో పళ్ళేన్నీ గోటితో మీటి చూశాను. నాలుగు ఖంగుమన్నాయి. ఐదోది టప్ మంది. ఆవిడ నా మొహం చూసి నవ్వి "న్యూ" అంది.