రౌటర్ లిఫ్టు, మోటారు కలిపి కాంబోగా కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కోపంలో రాస్తున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకోండి. ఆ అమ్మేవాడు ఎవరో మీలో సగం మందికి చెప్పక్కర్లేదు. రౌటర్ లిఫ్టు (చెక్కలో గాడులు కోసే రౌటర్ మోటారుని టేబుల్ కింద పట్టుకుని పైకీ కిందికీ జరిపేది) కోసం వెతికితే ముందు కనపడేది అతని ఫొటోలే. 'పెట్టండి, బిగించండి, మొదలెట్టండి' అని కింద రాసి ఉంటుంది. పెట్టాను, బిగించాను. నా దరిద్రం కూడా అక్కడే మొదలైంది.

టేబుల్ నేనే చేసుకున్నాను. 235 × 298 మిల్లీమీటర్ల ప్లేటు దిగేలా పైన కోసి పెట్టుకుని, ఇక లిఫ్టు రావడమే ఆలస్యం అని కూర్చున్నాను. ఉన్నదేమో ప్లంజ్ రౌటర్, దాని మోటారు బేస్ లోంచి ఊడి రాదు, మామూలు లిఫ్టుకి పనికిరాదు. అందుకే రెండూ ఒకేచోట వస్తాయి కదా అని కాంబో. కొనే ముందు అడగలేదా అంటే అడిగాను! లిఫ్టు 4.2 అంగుళాల మోటారుకి అని రాశారు, అంటే 106 మిల్లీమీటర్ల పైచిలుకు, పోర్టర్-కేబుల్ 7518 లాంటి పెద్ద మోటార్ల సైజు, మీ మోటారు కూడా అంతే ఉందా అని అడిగాను. 'పర్ఫెక్ట్ ఫిట్ సార్' అన్నాడు. నేను మిల్లీమీటర్లు అడిగితే అతను పర్ఫెక్ట్ అన్నాడు, నేను దాన్నే కొలత అనుకున్నాను. వెర్నియర్ కాలిపర్ సొరుగులో పెట్టుకుని తిరిగే మనిషిని, నాకు ఆ మాత్రం అనుమానం రావద్దూ?

పెట్టె విప్పితే వచ్చిన మోటారు 65 మిల్లీమీటర్లు. దాని మీద సందు నింపడానికి ఒక ప్లాస్టిక్ స్లీవు, అంటే తొడుగు, ఆ స్లీవు మీద ఇంకో ప్లాస్టిక్ స్లీవు. రెండూ తొడిగితే లిఫ్టు నోటికి సరిగ్గా సరిపోయింది, అబద్ధం చెప్పను. కోలెట్ (కోసే బిట్‌ కాడని పట్టి ఉంచే నోరు) అర అంగుళం అన్నాడు, అదొక్కటీ నిజం. 'వేరియబుల్ స్పీడ్' అని కూడా రాశాడు, కానీ మోటారు మీద డయల్ లేదు, ఆన్ ఆఫ్ స్విచ్ ఒక్కటే, స్టిక్కర్ మీద 28,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. ఇదేంటని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టుకోండి సార్, అందరూ అలాగే వాడతారు'. సీలింగ్ ఫ్యాన్‌కి పెట్టే రెగ్యులేటర్‌ని 1,800 వాట్ల మోటారుకి పెట్టుకోవాలట. దాంతో పాటు నిప్పు ఆర్పే సిలిండర్ కూడా కాంబోలో ఇస్తే బాగుండేది.

అప్పుడే తిప్పి పంపేయాల్సింది. పంపలేదు. చిన్న బిట్లకి స్పీడ్ ఎక్కువున్నా ఫర్వాలేదులే, ముందు పని కానిద్దాం అనుకున్నాను. సొరుగుల పక్క చెక్కలు ఎనిమిది, ఒక్కోదానికి 6 మిల్లీమీటర్ల లోతు గాడి, పావు అంగుళం స్ట్రెయిట్ బిట్. ఎత్తు సెట్ చేసి, లాక్ బిగించి, వరసగా ఎనిమిదీ తోసేశాను. మధ్యలో కొలిచానా? లేదు. లిఫ్టు ఉన్నదే మళ్లీ మళ్లీ కొలవక్కర్లేకుండా కదా. సొరుగు అడుగున పెట్టే ప్లైవుడ్ దూర్చేటప్పుడు చూస్తే కొన్నిటిలో కూర్చోవట్లేదు. మొదటి చెక్కలో గాడి 6 ఉంది, అయిదోదానికి 5.2, చివరిదానికి 4.4. లిఫ్టు వెంట్రుకవాసి కదల్లేదు. అదురుకి మోటారే స్లీవులోంచి కిందికి జారిపోతోంది. మోటారు మీద నుంచి స్లీవు మీదికి ఒకే పెన్సిల్ గీత గీసి, రెండు నిమిషాలు నడిపి చూశాను. గీత రెండు ముక్కలై, కింది ముక్క గోరు మందం దిగింది. స్లీవు ముట్టుకుంటే వెచ్చగా ఉంది, గోటితో నొక్కితే లొంగుతోంది.

ఆ గీత ఫొటో తీసి పంపాను. స్లీవు బయటికి తీసి నాలుగు వైపులా ఫొటోలు తీసి అవీ పంపాను, పాపం చూసి అర్థం చేసుకుంటాడని. ఇక్కడే ఒళ్లు మండింది. గంట తర్వాత నా ఫొటోనే నాకు తిరిగి పంపాడు, స్లీవు మీద క్లాంప్ నొక్కుకున్న రెండు మచ్చల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి. కింద ఒక్క లైను: 'బిగించి వాడిన సరుకు సార్, రిటర్న్ కుదరదు.' బిగించకుండా పట్టిందో లేదో ఎలా తెలుస్తుందయ్యా అంటే, 'మీకు ఈ పని కొత్త కదా సార్, ఎక్కువ బిగించి ఉంటారు, ఇప్పటిదాకా ఎవరూ కంప్లైంట్ చేయలేదు' అన్నాడు. వదులుగా ఉందని మోటారు జారుతుంటే, ఎక్కువ బిగించానట! ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి బ్లాక్. నా చేత్తో నేను పంపిన ఫొటోని నా మీదే సాక్ష్యంగా పెట్టాడు చూడండి, డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ కాలుతోంది. తమ్ముడైతే 'సున్నా భలే నీట్‌గా చుట్టాడన్నా' అని నవ్వుతున్నాడు.

సరే, కొనబోయేవాళ్లకి తోచింది చెప్తాను. ముందు మోటారు తేల్చుకోండి, తర్వాతే దానికి పట్టే లిఫ్టు. బాడీ మీద కాలిపర్ పెట్టిన ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. స్లీవు తప్పదంటే అల్యూమినియంది ఒకటే ఉండాలి, రెండు కాదు. డయల్ ఉందో లేదో కళ్లారా చూడండి. 80 మిల్లీమీటర్ల ప్యానెల్ బిట్‌ని (తలుపు పలకల అంచులు చెక్కేది) 28,000లో తిప్పితే దాని అంచు సెకనుకి 117 మీటర్లు పోతుంది, అంత పెద్ద బిట్లు 10,000, 12,000 దగ్గరే తిప్పాలి. ఇంకొకటి, 12 మిల్లీమీటర్ల కోలెట్, అర అంగుళం కోలెట్ ఒకటి కాదు, అర అంగుళం అంటే 12.7. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, బిగించకముందే కొలవండి.

లిఫ్టు మాత్రం బాగానే ఉంది, ఎత్తు చక్కగా నిలబడుతోంది, అసలు ఏడుపంతా అదే. 4.2 అంగుళాల ఫిక్స్‌డ్ మోటారు (బేస్ లోంచి ఊడి వచ్చేది) పాతది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొంటాను. స్లీవులు రెండూ ఎవరికి కావాలన్నా ఊరికే ఇచ్చేస్తాను, మచ్చలతో సహా.