హెల్ప్ డెస్క్ ఎలెక్టివ్ తీసుకోవచ్చా? సెమిస్టర్ అయ్యాక నా రివ్యూ

మా కాలేజీలో పెట్టిన 'హెల్ప్ డెస్క్ అండ్ యూజర్ సపోర్ట్' ఎలెక్టివ్ ఎలా ఉందని జూనియర్లు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెడుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేదు కాబట్టి మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. అందులో సింహభాగం ఒక్క ఫోన్ ల్యాబ్‌కే, అది తీసేస్తే మిగిలిన కోర్సు చాలావరకు యూట్యూబ్ చూసి కూడా నేర్చుకోవచ్చు.

మొదట హార్డ్‌వేర్. సిస్టమ్ విప్పడం, ర్యామ్ తీసి మళ్ళీ పెట్టడం, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ రాయడం, బీప్ కోడ్‌లు బట్టీ పట్టడం. సరదాగానే ఉంటుంది, ఫోటోలు కూడా బాగా వస్తాయి, కానీ దీనికి ఇచ్చినంత టైమ్ అవసరం లేదు. ఇప్పుడొచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే సోల్డర్ చేసేసి ఉంటుంది, ఆఫీసుల్లో మెషిన్ పాడైతే వారంటీ కింద కాల్ లాగ్ చేసి యూజర్‌కి వేరే మెషిన్ ఇచ్చేస్తారు, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేవాళ్ళు తక్కువ. ఈ భాగంలో నిజంగా పనికొచ్చింది సీమాస్ బ్యాటరీ (పవర్ తీసేసినా మెషిన్ గడియారాన్ని నడిపించేది) క్లాసు. ఆ చిన్న బ్యాటరీ అయిపోతే మెషిన్‌లో టైమ్ ఎక్కడికో వెనక్కి పోతుంది, టైమ్ తప్పితే బ్రౌజర్‌కి సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి వరసగా ఎర్రర్లు వస్తాయి, డొమైన్‌లో, అంటే ఆఫీసు సర్వర్ లాగిన్‌లకి కలిపి ఉన్న మెషిన్ అయితే తేడా ఐదు నిమిషాలు దాటగానే లాగిన్ సరిచూసే కెర్బరోస్ ఒప్పుకోదు, లాగిన్‌కే తిప్పలు. యూజర్ మాత్రం ఫోన్ చేసి 'నెట్ పనిచేయట్లేదు' అనే చెప్తాడు. ఇలాంటివి ఇంకో పది చెప్పి థర్మల్ పేస్ట్ తగ్గించి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఫోన్ ల్యాబ్. ఒకళ్ళు యూజర్, ఒకళ్ళు సపోర్ట్, ఇద్దరూ వేరే వేరే గదుల్లో ఉంటారు, యూజర్ చేతిలో ఒక కార్డు ఉంటుంది, దాని మీద అసలు సమస్య ఏంటో రాసి ఉంటుంది, కింద ఒక రూల్ కూడా ఉంటుంది: అడిగినదానికే జవాబు చెప్పాలి, తనంతట తాను ఏదీ చెప్పకూడదు. సపోర్ట్‌లో కూర్చున్నవాళ్ళకి అవతలి స్క్రీన్ కనపడదు. క్విక్ అసిస్ట్, ఎనీడెస్క్ లాంటి రిమోట్ టూల్స్ ఉన్నాయిగా, ఇంత కష్టం ఎందుకని అందరూ అడిగారు. నెట్ రానివాడి స్క్రీన్‌ని రిమోట్‌లో ఎలా చూస్తావు, లాగిన్ కానివాడి స్క్రీన్ ఎలా చూస్తావు అని సార్ ఒక్క మాటలో తేల్చేశారు.

ఆ ల్యాబ్‌లో కూర్చుంటే గానీ తెలియదు మనం ఎంత చెత్తగా ప్రశ్నలు అడుగుతామో. క్లాసులో అందరి మొదటి ప్రశ్నా ఒకటే, 'ఏం ప్రాబ్లమ్ సార్?', దానికి కార్డు పట్టుకున్నవాడి జవాబు 'పనిచేయట్లేదండీ', అక్కడితో ఇద్దరూ సైలెంట్. మెల్లగా దారిలో పడ్డాక ప్రశ్నలు మారాయి. స్క్రీన్ మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు చదవండి. నిన్న పనిచేసిందా? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏమైనా మారిందా? మీ ఒక్కరికేనా, పక్క సీటువాళ్ళకి కూడానా? ఈ చివరిది బంగారం లాంటి ప్రశ్న, ఎందుకంటే అందరికీ అయితే తప్పు ఆ మెషిన్‌లో లేనట్టే, సగం అవకాశాలు అక్కడే ఎగిరిపోతాయి. ఒక్కరికే అయితే ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టించి మెషిన్ నెట్‌వర్క్ అడ్రస్ చదవమంటాం, 169.254తో మొదలైతే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ రాలేదని, విండోస్ తనంతట తానే ఒకటి పెట్టేసుకుందని అర్థం, ఇక బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయించడం లాంటివన్నీ టైమ్ వేస్ట్. అడ్రస్ సరిగ్గానే ఉండి, 8.8.8.8 అనే గూగుల్ అడ్రస్‌కి పింగ్ (అవతలి మెషిన్ జవాబిస్తుందా అని చూసే పరీక్ష) వెళ్తూ, సైట్ పేరుతో మాత్రం వెళ్ళకపోతే చూడాల్సింది పేర్లని అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, నాకూ తెలిసినవే, కానీ కమాండ్ ప్రాంప్ట్ అనే మాటే విననివాడితో ఫోన్‌లో అది ఓపెన్ చేయించి, అక్షరం అక్షరం చెప్పి కొట్టించి, ఏమొచ్చిందో చదివించుకోవడం వేరే విద్య.

ఇంకొక కార్డు నాకు బాగా నచ్చింది. యూజర్ 'రీస్టార్ట్ చేశానండీ' అంటాడు, అబద్ధం కాదు, నిజంగానే షట్‌డౌన్ కొట్టి మళ్ళీ ఆన్ చేశాడు. కానీ విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది కదా, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ లోపలి అసలు భాగమైన కెర్నెల్ పూర్తిగా దిగిపోదు, హైబర్నేట్ ఫైల్‌లోకి వెళ్ళి పడుకుని మళ్ళీ అలాగే లేస్తుంది, రీస్టార్ట్ కొడితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద సీపీయూ దగ్గర అప్ టైమ్ (ఎంతసేపటి నుంచి నడుస్తోందో) చదవమంటే రోజులకి రోజులు కనిపిస్తుంది. ఇక్కడ కార్డు పరీక్షించేది టెక్నికల్ విషయం ఒక్కటే కాదు, యూజర్‌ని అబద్ధాలకోరు చేయకుండా 'ఈసారి స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ అనే బటన్‌తోనే చేద్దాం మేడమ్' అని చెప్పగలమా లేదా అనేది. మార్కులు దానికి కూడా వేశారు.

ల్యాబ్‌లో అన్నిటికన్నా కష్టమైంది బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసేది) కీ చదివించడం. దీనికి నేపథ్యం 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు బ్లూ స్క్రీన్‌లో పడ్డాయి. చాలా మెషిన్లు బూటే కాకపోవడంతో వాటిని రిమోట్‌లో బాగుచేసే దారి లేకపోయింది, ఒక్కో మెషిన్‌ని సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో తీసుకెళ్ళి ఆ అప్‌డేట్‌తో వచ్చిన తప్పు ఫైల్ తీసేయాలి, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దానికి ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. మాకు ఇదే పరిస్థితిని ల్యాబ్‌లో పెట్టారు. కీ ఎనిమిది గ్రూపులుగా ఉంటుంది, ఒక్కోదాంట్లో ఆరంకెలు, గ్రూపు చెప్పి ఆగాలి, అవతలివాళ్ళు తిరిగి చదవాలి, సరిపోయాకే తర్వాతి గ్రూపు. గబగబా 48 అంకెలూ చదివేసిన టీమ్‌లు మొదటి నుంచి మొదలుపెట్టుకున్నాయి. ఆరోజు సపోర్ట్ వాళ్ళు పొద్దస్తమానం ఇదే పని ఎలా చేశారో అనిపించింది, నాకు ఒక్క కీకే గొంతు ఎండిపోయింది.

టికెట్, అంటే ఒక్కో సమస్యకీ పెట్టే రికార్డు, రాయడం కూడా ఫోన్ ల్యాబ్‌లో భాగమే, కాకపోతే చాలామందికి ఇది బోర్. ఓఎస్‌టికెట్ అని టికెట్లు రాసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అది ల్యాబ్ సర్వర్‌లో వేసి ఇచ్చారు. మార్కులు వేసే పద్ధతి మాత్రం అదిరింది: మనం సగంలో వదిలేసిన టికెట్‌ని తర్వాతి క్లాసులో ఇంకొకళ్ళకి ఇస్తారు, వాళ్ళు మనల్ని ఏమీ అడక్కుండా, యూజర్‌ని మళ్ళీ అవే ప్రశ్నలు అడక్కుండా పని పూర్తిచేయగలిగితేనే మనకి మార్కులు. 'ఇష్యూ చెక్ చేశాం, వర్కింగ్ ఫైన్' అని రాసేవాళ్ళందరూ ఒక్క వారంలో లైన్‌లోకి వచ్చారు. ఎర్రర్ మాటలు యథాతథంగా, ఎప్పటినుంచి, ఎంతమందికి, ఏమేం చేసి చూశాం, దేనితో మార్పు రాలేదు. ఆ చివరిది రాయకపోతే తర్వాతి వాడు ప్రింట్ పనులని వరసలో పెట్టే అదే ప్రింట్ స్పూలర్‌ని మళ్ళీ ఆపి, క్యూ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్ళీ స్టార్ట్ చేస్తాడు, యూజర్‌కి మండుతుంది.

థియరీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఐటిల్ అంటే ఐటీ సర్వీసులు ఎలా నడపాలో చెప్పే పద్ధతుల సమాహారం, 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి మొదలుపెట్టింది, 2019లో నాలుగో వెర్షన్ వచ్చింది, ఇన్సిడెంట్ వేరు సర్వీస్ రిక్వెస్ట్ వేరు ప్రాబ్లమ్ వేరు, ప్రయారిటీ అనేది ఇంపాక్ట్, అర్జెన్సీ రెండూ చూసి పెట్టాలి, ఇవన్నీ స్లైడ్లు చదివేసి వెళ్ళిపోయారు. యావరేజ్ హ్యాండిల్ టైమ్ (ఒక్కో కాల్‌కి సగటున పట్టే సమయం) గురించి కూడా ఒక బిట్ ప్రశ్న కోసమే చెప్పారు, ఆ నంబర్ కోసం తొందరపెడితే జనం టికెట్ మూసేస్తారు గానీ సమస్య తీర్చరు, అదే టికెట్ మర్నాడు రీఓపెన్ అవుతుంది, ఇంత ఇంట్రెస్టింగ్ విషయం మీద డిస్కషన్ పెట్టాల్సింది.

ఒకటిన్నర మార్కు ఎక్కడ కోశానంటే అకౌంట్ల దగ్గర. హెల్ప్ డెస్క్‌కి వచ్చే కాల్స్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయా, అకౌంట్ లాక్ అయిందీ అనేవే బోలెడు, అలాంటిది ఆఫీసు అకౌంట్లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీకి ఇచ్చింది ఒకే ఒక్క ల్యాబ్. అన్‌లాక్ చేయడం చూపించారు, సరే, కానీ అన్‌లాక్ చేసిన పది నిమిషాలకే మళ్ళీ లాక్ అయితే ఏం చేయాలి? డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌లో లాగిన్‌లు సరిచూసే సర్వర్) సెక్యూరిటీ లాగ్‌లో 4740 నంబర్ ఈవెంట్ చూస్తే ఏ మెషిన్ వల్ల లాక్ అయిందో పేరు ఉంటుంది, చాలాసార్లు పాత పాస్‌వర్డ్ సేవ్ చేసుకున్న ఫోన్ మెయిలో, ఎప్పుడో మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవో దొరుకుతుంది. ఇది నేను సొంతంగా వర్చువల్ బాక్స్‌లో విండోస్ సర్వర్ ట్రయల్ వేసుకుని నేర్చుకున్నా, 180 రోజులు వస్తుంది కాబట్టి సెమిస్టర్‌కి సరిపోతుంది. 2023లో పేరు మార్చుకుని ఎంట్రా ఐడీ అయిన, క్లౌడ్‌లో అకౌంట్లు చూసుకునే అజూర్ యాక్టివ్ డైరెక్టరీ సిలబస్‌లో అసలు లేనే లేదు. ఫోన్ మార్చినవాడికి ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ లాంటి రెండో రుజువు అడగడం) మళ్ళీ ఎలా సెట్ చేయాలో కూడా లేదు.

ఈ లోటు కాస్త పూడ్చింది మళ్ళీ ఫోన్ ల్యాబే. ఒకరోజు సార్ చెప్పాపెట్టకుండా తనే కాల్ చేసి, గొంతు మార్చి, నేను ఫలానా మేనేజర్‌ని, మీటింగ్‌లో ఉన్నా, పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఫోన్‌లోనే చెప్పు త్వరగా అని గద్దించారు. సగం క్లాసు ఇచ్చేసింది. తర్వాత క్లోరాక్స్ కేసు చెప్పారు: 2023లో ఆ కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది, 2025లో వాళ్ళు తమ సర్వీస్ డెస్క్ నడిపిన ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ మీద దావా వేశారు, ఫోన్ చేసినవాడు ఎవరో సరిచూసుకోకుండానే ఆ డెస్క్ పాస్‌వర్డ్ ఇచ్చేసిందనేది ఆరోపణ, కాగ్నిజెంట్ ఒప్పుకోలేదు, తప్పెవరిదన్నది కోర్టులో తేలాల్సిన విషయం. కానీ 'గుర్తింపు సరిచూడకుండా రీసెట్ చేయలేనండీ, మీ రికార్డులో ఉన్న నంబర్‌కి నేనే తిరిగి కాల్ చేస్తా' అనే వాక్యాన్ని వణక్కుండా చెప్పడం ఆరోజు నుంచి అందరం ప్రాక్టీస్ చేశాం.

పాతబడిన సిలబస్ ఇంకో తలనొప్పి. మాన్యువల్‌లో స్క్రీన్‌షాట్లన్నీ విండోస్ 10వి, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కోర్సు బ్రోషర్‌లో కాంప్‌టియా ఏ ప్లస్ అనే ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్‌కి ప్రిపేర్ చేస్తాం అని వేశారు, తీరా చూస్తే నోట్స్ పాత 1101, 1102 పరీక్షలవి, కొత్త 1201, 1202 పరీక్షలు 2025 మార్చిలోనే వచ్చేశాయి, పాతవి అదే ఏడాది సెప్టెంబర్‌లో తీసేశారు. ఏ ప్లస్ రాయాలనుకునేవాళ్ళు కాలేజీ నోట్స్ నమ్ముకోకుండా కాంప్‌టియా సైట్‌లో ఆబ్జెక్టివ్స్ పీడీఎఫ్ దించుకోండి. పరీక్షలు రెండు, ఒక్కోదానికి 90 నిమిషాలు, ప్రశ్నలు 90 దాకా ఉండొచ్చు, పాస్ అవ్వడానికి 900కి మొదటిదాంట్లో 675, రెండోదాంట్లో 700 రావాలి. పుస్తకంలో ఉన్న ఆరు స్టెప్పుల ట్రబుల్‌షూటింగ్ పద్ధతి మాత్రం కొత్తదాంట్లోనూ పనికొస్తుంది, ల్యాబ్‌లో అలవాటైపోతుంది కాబట్టి అది విడిగా చదవక్కర్లేదు.

గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ కోర్సెరాలో ఉందిగా, అది చాలదా అని అడిగినవాళ్ళకి: కాన్సెప్టుల వరకైతే చాలు, నెట్‌వర్కింగ్, లినక్స్ మా కోర్సు కన్నా అక్కడే బాగా చెప్పారు. కానీ అక్కడ అవతలివైపు చిరాకుపడే మనిషి ఉండడు, హోల్డ్‌లో పెట్టేముందు రెండు నిమిషాలు పడుతుందని చెప్పకపోతే కసురుకునేవాడు ఉండడు. ఇంటర్వ్యూల్లో 'ప్రింటర్ పనిచేయట్లేదని కాల్ వచ్చింది, ఏం చేస్తావు' అని అడిగితే మా బ్యాచ్‌వాళ్ళు డ్రైవర్ రీఇన్‌స్టాల్‌తో మొదలుపెట్టరు, మీ ఒక్కరికేనా అందరికీనా అని అడుగుతారు.

కోడింగ్ రాకపోయినా ఇబ్బంది లేదు, విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో నాలుగు కమాండ్లు వస్తే చాలు. మీ కాలేజీలో ఇలాంటి కోర్సే ఉంటే చేరేముందు మూడు విషయాలు కనుక్కోండి: ఫోన్ మీద ప్రాక్టీస్ ఉందా, ల్యాబ్‌లో పనిచేసే డొమైన్ కంట్రోలర్ ఉందా, కాలేజీ సొంత ఐటీ డెస్క్‌లో స్టూడెంట్స్‌కి షిఫ్టులు ఇస్తారా. మూడోది మాకు లేదు, అడిగితే వచ్చే ఏడాది చూస్తామన్నారు. మొదటిది కూడా లేకపోతే మాత్రం ఆ ఎలెక్టివ్ స్లాట్ వేరే సబ్జెక్ట్‌కి వాడుకోండి.