హనుమకొండలో కొన్న బక్ కన్వర్టర్ మాడ్యూల్: 3 ఆంపియర్ల మాట ఎంతవరకు నమ్మవచ్చు?

హనుమకొండ చౌరస్తా సమీపంలోని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో వంద రూపాయల లోపే దొరికిన, 3 ఆంపియర్ల దాకా ఇస్తుందని చెప్పే ఈ బక్ కన్వర్టర్ (ఎక్కువ వోల్టేజీని తక్కువకు దించే పరికరం) మాడ్యూల్‌ను రెండు పనుల కోసం తీసుకున్నాను. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టుల రౌటర్‌ను నడపడం ఒకటి. నర్సంపేట వైపు మిరప చేనులో నేల తేమను కొలిచే సెన్సర్‌కు విద్యుత్తు అందించడం రెండోది. మొదటి పనికి ఇది చాలినంత మంచిదే గాని, రెండో పనికి తగినది కాదు.

చిప్ మీద ఎల్‌ఎం2596 అని అచ్చయి ఉంది. అసలైన ఎల్‌ఎం2596 స్విచింగ్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు కరెంటును ఆన్, ఆఫ్ చేస్తుందో ఆ లెక్క) 150 కిలోహెర్ట్జ్. ఆసిలోస్కోపు (విద్యుత్ తరంగాలను తెరపై చూపే పరికరం) పెట్టి చూస్తే నా చేతికి వచ్చింది 50 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో పనిచేస్తోంది. పాతదైన ఎల్‌ఎం2576 ఫ్రీక్వెన్సీ 52 కిలోహెర్ట్జ్ కాబట్టి, లోపల ఏ జాతి చిప్ ఉందో ఊహించడం కష్టం కాదు.

ఫ్రీక్వెన్సీ తగ్గితే స్విచింగ్ నష్టాలు తగ్గుతాయి కదా, మేలే కదా అని ఎవరైనా అడగవచ్చు. అందుకు తగ్గట్టు కాయిల్ పెద్దదైతే మేలే. ఇక్కడ ఉన్నది 150 కిలోహెర్ట్జ్‌కు సరిపోయే 33 మైక్రోహెన్రీల (కాయిల్ ఎంత పెద్దదో చెప్పే కొలత) కాయిల్. 12 వోల్టులను 5 వోల్టులకు దించేటప్పుడు ఈ కాయిల్‌లో కరెంటు హెచ్చుతగ్గులు 150 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 0.6 ఆంపియర్లయితే, 50 కిలోహెర్ట్జ్ వద్ద దాదాపు 1.8 ఆంపియర్లు అవుతాయి. అందువల్ల లోడ్ (కరెంటు వాడుకునే పరికరం) 2 ఆంపియర్లు తీసుకుంటున్నప్పుడు కాయిల్‌లో గరిష్ఠ కరెంటు 2.3 దగ్గర ఆగవలసింది 2.9 దాకా వెళ్తుంది, అవుట్‌పుట్ కెపాసిటర్ మీదా ఆ భారం పడుతుంది. సిమెంటు రెసిస్టర్లను లోడ్‌గా పెట్టి చూసినప్పుడు ఒక ఆంపియర్ వద్ద మాడ్యూల్ గోరువెచ్చగానే ఉంది. 2 ఆంపియర్ల వద్ద కాయిల్ మీద వేలు నిలపలేకపోయాను. చిప్ అసలైనదే అయినా, 3 ఆంపియర్ల వద్ద దాని సామర్థ్యం (తీసుకున్న విద్యుత్తులో అవుట్‌పుట్‌కు చేరే వంతు) 80 శాతం దగ్గరే ఉంటుంది గనుక, 15 వాట్ల అవుట్‌పుట్‌కు నాలుగు వాట్లకు కాస్త తక్కువగా వేడి పుడుతుంది. వరంగల్ మే నెల ఎండలో, మూసిన డబ్బాలో, హీట్ సింక్ లేకుండా ఆ వేడిని ఇంత చిన్న బోర్డు మోయలేదు.

లోడ్ మరీ తక్కువైనప్పుడు చిక్కు వేరు. ఎల్‌ఎం2596 తన కోసమే సుమారు 5 మిల్లీఆంపియర్లు వాడుకుంటుంది, అంటే 12 వోల్టుల వద్ద 60 మిల్లీవాట్లు. 5 వోల్టుల వద్ద 10 మిల్లీఆంపియర్లు తీసుకునే సెన్సర్‌కు కావలసింది 50 మిల్లీవాట్లే! రాత్రీపగలూ ఇలా సాగితే బ్యాటరీలో సగానికి పైగా కన్వర్టర్‌కే పోతుంది. చేనులో సెన్సర్‌కు ఎంపీ1584 అనే మరో బక్ కన్వర్టర్ చిప్ ఉన్న మాడ్యూల్ మేలు. దాని సొంత వాడకం 0.1 మిల్లీఆంపియర్ స్థాయిలో ఉంటుంది. అయితే అది 28 వోల్టులకు మించిన ఇన్‌పుట్ తట్టుకోదు. ఎల్‌ఎం2596కు 40 వోల్టుల దాకా హద్దు ఉన్నా, 24 వోల్టుల సోలార్ ప్యానెల్‌కు నేరుగా తగిలించకండి. లోడ్ లేనప్పుడు ఆ ప్యానెల్ 40 దాటుతుంది.

రౌటర్ వంటి ఒక ఆంపియర్ లోపు పనులకు ఈ ధరలో కొనవచ్చు. 2 ఆంపియర్లు కావాలంటే 33 మైక్రోహెన్రీల కాయిల్ తీసి, 3 ఆంపియర్లు మోయగల 100 మైక్రోహెన్రీల కాయిల్ వేసుకోవాలి.