కొత్త పేర్లు బాగానే పెట్టారు గానీ వరస వదిలేశారు

బిల్లీ జోయెల్ 1989లో పాడిన 'వి డిడింట్ స్టార్ట్ ద ఫైర్' చాలామంది వినే ఉంటారు, అప్పటిదాకా లోకంలో జరిగిన సంగతులూ మనుషుల పేర్లూ ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయే పాట, దాన్నే ఫాల్ అవుట్ బాయ్ అనే అమెరికా రాక్ బ్యాండ్ వాళ్ళు 2023 జూన్‌లో ఆ తర్వాతి కాలం పేర్లేసి మళ్ళీ పాడారు. మా బరంపురం పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్లో ఇంగ్లీష్ పాటలు, మా ఇంట్లోవాళ్ళు ఇదే పెడుతుంటే విని, తర్వాత రెండిటి లిరిక్స్ తీసి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నా. అయిదుకి మూడు ఇస్తాను.

సౌండ్ బ్రహ్మాండంగా ఉంది, గిటార్ మోత పిల్లలకి వెంటనే ఎక్కేస్తుంది. పేర్లు ఏరడంలో కూడా కొన్నిచోట్ల బాగా బుర్ర పెట్టారు. పాతదాంట్లో 1956 సూయెజ్ కాలవ గొడవ ఉంటే కొత్తదాంట్లో 2021లో అదే కాలవకి అడ్డం పడిపోయిన ఎవర్ గివెన్ ఓడ ఉంది. పాతదాంట్లో కెనెడీ హత్యకి వాడిన మాటల్నే ఇక్కడ కాల్పుల్లో పోయిన జపాన్ మాజీ ప్రధాని షింజో అబేకి వాడారు, పాత పాట నోటికొచ్చినవాళ్ళకి అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక అసలు లోటు వరస. జోయెల్ 1940ల చివర్లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌తో మొదలుపెట్టి ఏడాది వెనక ఏడాది చెప్పుకుంటూ పోతాడు, 1963 దాకా తీరిగ్గా నడిచి మిగతా పాతికేళ్ళూ ఆఖరి చరణంలో కుక్కేస్తాడు, అక్కడ మనకే ఊపిరాడదు. కొత్తదాంట్లో 2011 నాటి అరబ్ దేశాల తిరుగుబాట్లు, అదే అరబ్ స్ప్రింగ్, అయ్యాక 1995 ఓక్లహోమా బాంబు వస్తుంది, 2022లో పోయిన బ్రిటన్ రాణిగారి వెనకాల 2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ని గుద్దిన విమానం వస్తుంది, ప్రాస కుదిరితే చాలనుకున్నట్టున్నారు.

వరసదేముంది అంటారేమో, మా గంజాం జిల్లావాళ్ళని అడగండి. 1999 అక్టోబర్‌లో ముందు మా మీద ఒక తుపాను, రెండు వారాలు తిరక్కుండా పైన జగత్సింగ్‌పూర్ వైపు సూపర్ సైక్లోన్, దాదాపు పదివేలమంది పోయారు. 2013లో పైలిన్ తుపాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, కానీ ముందే లక్షలమందిని షెల్టర్లకి తరలించబట్టి పోయినవాళ్ళ లెక్క పదుల్లోనే ఆగింది. ఈ రెండూ తిరగేసి చెబితే ఆ షెల్టర్లు ఎందుకు కట్టారో పిల్లలకి ఎలా తెలుస్తుంది చెప్పండి? ఏది ముందో ఏది వెనకో తెలిస్తేనే కదా చరిత్ర, లేకపోతే ఉత్త పేర్లే.

కోవిడ్ ఊసే లేదు, అందరూ దాని గురించే మాట్లాడుతున్నారని కావాలనే వదిలేశారట, ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, ఇప్పటి పిల్లలు ఇంట్లో కూర్చుని ఫోన్లో పాఠాలు విన్న కాలం అది, వాళ్ళ బతుకులో జరిగిన అన్నిటికన్నా పెద్ద సంగతి. మన దేశం పేరు రెండిట్లోనూ లేదు, అది అమెరికా వాళ్ళ పాట కాబట్టి దానికి మార్కులు తగ్గించలేదు.

వినేవాళ్ళు ముందు పాతది లిరిక్స్ చూస్తూ వినండి, ఆ తర్వాతే కొత్తది. కొలంబైన్, శాండీ హుక్ లాంటి స్కూలు కాల్పుల పేర్లు కూడా కొత్తదాంట్లో వస్తాయి, చిన్నపిల్లలు అదేంటని అడుగుతారు, ఏం చెప్పాలో ముందే అనుకుని అప్పుడు పెట్టండి.