సెకండ్ హ్యాండ్ సర్వర్ ర్యామ్ కొంటున్నారా? స్టిక్కర్‌ను నమ్మి డబ్బు కట్టకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు సర్వర్‌కు వాడిన ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) కొనాలనుకునే వాళ్లు దయచేసి ఇది చదివాకే కొనండి.

ఎంజీఎం ఆసుపత్రి దగ్గర మా బావ చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాడు. పేషెంట్ల రిపోర్టులన్నీ ఒక పాత జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) సర్వర్‌లోనే ఉంటాయి. అందులో ఉన్న 32 జీబీ చాలడం లేదని హనుమకొండలో ఒక షాపులో రెండు 16 జీబీ ర్యామ్ స్టిక్కులు తీసుకున్నాం. కొత్తవి తీసుకుందామంటే, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ రేట్లు విపరీతంగా పెరిగాయి. అందుకే అందరూ పాత సరుకు వైపు చూస్తున్నారు, మోసం చేసేవాళ్లకూ అదే అదను.

స్టిక్కర్ మీద పీసీ4-2400టీ-ఆర్ అని ఉంది, అంటే డీడీఆర్4 తరం ర్యామ్, స్పీడు 2400 అని. బిగించాక చూస్తే మెమరీ మొత్తం 2133 స్పీడుకు పడిపోయింది, మా పాత 2400 స్టిక్కులతో సహా. ఒక్కటి నెమ్మదిదైనా మిగతావన్నీ దాని స్పీడుకే దిగుతాయి. తెల్ల స్టిక్కర్ అంచు లేపితే కింద పాత లేబుల్, దాని మీద 2133పీ. అంటే పైది అతికించిందే.

స్పీడు తగ్గితే ఎలాగో సర్దుకునేవాళ్లం. అసలు నష్టం తర్వాత వచ్చింది. సర్వర్ తనలో జరిగేవి రాసుకునే లాగ్‌లో కొత్త స్టిక్ ఉన్న స్లాట్ పేరుతో మెమరీ ఎర్రర్లు సరిదిద్దినట్టు వరసగా నమోదవుతూ వచ్చాయి. ఒక రోజు పొద్దున, ఫాస్టింగ్ షుగర్ కోసం నర్సంపేట, పరకాల నుంచి వచ్చినవాళ్లు పరగడుపున కూర్చుని ఉండగానే సర్వర్ ఆగిపోయింది. షుగర్ ఉన్న ముసలివాళ్లను అలా కూర్చోబెట్టడం కంటే బాధ ఏముంటుంది?

షాపుకు వెళ్తే, "అన్నా, మెమ్‌టెస్ట్ పాసైన సరుకే ఇచ్చినం, మీ మదర్‌బోర్డే పోయింది" అన్నారు. మెమ్‌టెస్ట్ అంటే ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్. ఆ స్టిక్‌ను వేరే స్లాట్‌లోకి మార్చి చూపించాం. ఎర్రర్ కూడా దానితో పాటే ఆ స్లాట్‌కు వచ్చింది. బోర్డు తప్పయితే పాత స్లాట్‌లోనే రావాలి కదా. అయినా టెస్టింగ్ వారంటీ అయిపోయిందని డబ్బు వాపసు ఇవ్వలేదు.

మెమ్‌టెస్ట్ పాసైందన్న మాట ఒక్కటే విని కొనకండి. సర్వర్ ర్యామ్‌లో ఈసీసీ (తప్పులు సరిదిద్దే ఏర్పాటు) ఉంటుంది, ఒక బిట్ తప్పు పడితే అది వెంటనే సరిదిద్దేస్తుంది. అందుకని టెస్టులో తప్పు కనపడకపోవచ్చు, సర్వర్ లాగ్‌లో మాత్రం పడుతుంది. బిగించే ముందు పాత లాగ్ క్లియర్ చేయండి, రాత్రంతా టెస్ట్ నడిపి పొద్దున మళ్లీ లాగ్ చూడండి. ఆ తర్వాతే పూర్తి డబ్బు కడతామని ముందే మాట్లాడుకోండి. ఒప్పుకోని షాపులో కొనకపోవడమే మంచిది.

లేబుల్‌లో స్పీడు తర్వాత గీత పక్కనున్న అక్షరం కూడా చూసుకోండి. ఆర్ అంటే రిజిస్టర్డ్ (సిగ్నళ్లను సర్దే రిజిస్టర్ చిప్ ఉన్న సర్వర్ ర్యామ్), యు అంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్, ఈ అంటే రిజిస్టర్ లేని ఈసీసీ, ఎల్ అంటే లోడ్ రెడ్యూస్డ్ (ఎక్కువ జీబీల సర్వర్ ర్యామ్). డీడీఆర్4లో అన్నింటికీ 288 పిన్నులే కాబట్టి ఏదైనా స్లాట్‌లో కూర్చుంటుంది, కానీ ఆర్ రకానికి మరో రకం కలిపితే సర్వర్ లేవదు. రిజిస్టర్డ్ స్టిక్‌కు నడుమ వేరుగా ఒక చిప్ ఉంటుంది, కంటితోనే గుర్తుపట్టొచ్చు. సర్వర్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే డీఎంఐడీకోడ్ కమాండ్‌తో పార్ట్ నంబర్, స్పీడు వస్తాయి, లేబుల్‌తో సరిపోల్చండి. పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చే స్టిక్కులు అసలు ముట్టుకోకండి, స్టాటిక్ కరెంటుకు చిప్‌లు పాడవుతాయి.

బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. మాకిచ్చిన బిల్లులో ఉత్త "ర్యామ్ 2" అని ఉంది, ఇప్పుడు ఆ స్టిక్కులు తమవే కాదంటున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు, 2 ఏళ్ల లోపు ఫిర్యాదు చేయొచ్చు. వ్యాపారం కోసం కొన్నారని షాపువాళ్లు అడ్డం తిరగవచ్చు. 2019 చట్టం ప్రకారం సొంతంగా పని చేసుకుంటూ బతుకుదెరువు కోసం కొన్నవాళ్లూ వినియోగదారులే.

ఈ మధ్య ఇక్కడ తెల్ల స్టిక్కర్ ఉన్న 16 జీబీ స్టిక్కులు కొన్నవాళ్లు ఈ రోజే సర్వర్ లాగ్ తెరిచి చూడండి.