సౌండ్ బాత్ అని వెళ్తే గోల్డ్ లోన్ యాడ్ వినిపించారు

ముందే చెప్తున్నా, కోనసీమ మీద నాకేం కోపం లేదు, కోపమంతా ఆ రిసార్ట్ వాళ్ళ మీదే. పేరు రాయను, రాజోలు వైపు వశిష్ట గోదారి ఒడ్డున ఉంటుంది అంతే.

మావారికి ఆరు నెలల నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఎవరో చెప్పారని గిన్నెలు మోగిస్తుంటే పడుకుని వినే సౌండ్ బాత్, దాంతోపాటు యోగ నిద్ర కలిపి రెండు రాత్రుల ప్యాకేజీ బుక్ చేశాను. మా అత్తగారు కూడా వస్తానన్నారు. ముగ్గురికి 24,600. రూము రోజుకి 5,400, ఎక్స్‌ట్రా బెడ్డు రోజుకి 1,200, సౌండ్ బాత్ మనిషికి 1,500 చొప్పున రెండు సెషన్లు, యోగ నిద్ర మనిషికి 800. లెక్క ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

రాజమండ్రిలో దిగి కారు మాట్లాడుకుని ధవళేశ్వరం, రావులపాలెం మీదుగా వెళ్ళాం, ప్రయాణం హాయిగా సాగింది.

మొదటి రోజు సాయంత్రం సెషన్ నిజంగా బావుంది, అబద్ధం ఎందుకు ఆడాలి. నేర్పే అమ్మాయి చాలా పద్ధతి గల మనిషి. తొమ్మిది కంచు గిన్నెలు, తెల్లటి క్వార్ట్జ్ గిన్నెలు రెండు, వేలాడదీసి మోగించే పెద్ద లోహపు పళ్ళెం, అదే గాంగ్, ఒకటి. పక్కపక్కన శ్రుతి కాస్త తేడా ఉన్న రెండు గిన్నెలు మోగిస్తే శబ్దం వుం... వుం... అని అలలా పెరిగి తగ్గుతుంది, ఒకటి సెకనుకి 200 సార్లు ఇంకోటి 204 సార్లు కంపిస్తే మనకి సెకనుకి నాలుగు అలలు వినిపిస్తాయని చెప్పింది. పదో నిమిషానికే మావారి గురక గాంగ్‌తో పోటీ పడింది.

కానీ ఆ అమ్మాయి ఇంకా రాకముందు ఏం జరిగిందో వినండి. అక్కడి అసిస్టెంట్ కుర్రాడు మా అత్తగారిని పడుకోబెట్టి గుండె మీద గిన్నె పెట్టబోయాడు. ఆవిడకి పేస్‌మేకర్ ఉంది! బుకింగ్ ఫారంలో ఆధార్ నంబర్ అడిగారు, పెళ్ళిరోజు అడిగారు, ఈ ఒక్క ముక్క అడగలేదు. నేను కేకేస్తే ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి ఒంటి మీద గిన్నెలు పెట్టకూడదని వాడికి నాలుగు చివాట్లు పెట్టి అత్తగారిని దూరంగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఫిట్స్ ఉన్నవాళ్ళు, గర్భిణులు కూడా ముందే చెప్పాలట, డాక్టర్ని అడిగి రావడం మంచిదట. అత్తగారికి మాత్రం కుర్చీయే నచ్చింది, "శవాసనం గివాసనం అని ఈ వయసులో నన్ను పడుకోబెట్టకండే" అని అప్పటికే గొణుగుతున్నారు.

రెండో రోజే అసలు మోసం. ఆ అమ్మాయి ఊరెళ్ళింది. ఆ మాట ముందు చెప్పకుండా మమ్మల్ని హాల్లో పడుకోబెట్టి, లైట్లు ఆర్పి, బ్లూటూత్ స్పీకర్‌లో ఫోన్ నుంచి వీడియో పెట్టారు. సౌండ్ బాత్ అదే, వెంటనే యోగ నిద్రా అదే. యోగ నిద్ర అంటే నిద్రపోవడం కాదు. మెలకువగా ఉంటూనే ఒళ్ళు వదిలేయాలి. బీహార్‌లోని ముంగేర్ నుంచి స్వామి సత్యానంద సరస్వతి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో మనసులో ఒక సంకల్పం అనుకుని, కుడి చేతి బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో భాగం మీదికీ ధ్యాస తిప్పుతారు. సరే, బొటనవేలు... చూపుడు వేలు... మధ్య వేలు... ఒళ్ళు అప్పుడప్పుడే బరువెక్కుతోంది, ఇంతలో "మీ బంగారానికి అత్యధిక రుణం!" అని హాలు దద్దరిల్లేలా యాడ్. మావారు లేచి కూర్చున్నారు. అత్తగారు చీకట్లో మెడలో గొలుసు తడుముకున్నారు.

రెండో రోజు సెషన్లకి 6,900 తిరిగివ్వమని అడిగాను. మేనేజర్ నవ్వుతూ "అనుభవం ఇచ్చాం కదా మేడమ్" అన్నాడు, నేను కదలకపోతే ముగ్గురికీ మూడు కొబ్బరిబోండాలు కాంప్లిమెంటరీ అన్నాడు. కోనసీమలో కొబ్బరిబోండం నష్టపరిహారమండీ! గంట వాదిస్తే మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోమని 2,000 కూపన్ చేతిలో పెట్టారు. ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తా. మీరు వెళ్తే మాత్రం నేర్పేవాళ్ళు రెండు రోజులూ ఉంటారా, గిన్నెలు అక్కడే మోగిస్తారా అని మెసేజ్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

తిరుగు ప్రయాణంలో మావారు మాట్లాడలేదు. చించినాడ వంతెన దాటి పాలకొల్లులో పానకంతో దిబ్బరొట్టి తిన్నాక గానీ మొహం విప్పలేదు, ముగ్గురికి 210 అయింది, ఆ రెండ్రోజుల్లో న్యాయంగా ఖర్చయిన డబ్బు అదొక్కటే.

మార్టేరు మీదుగా వస్తుంటే అత్తగారు అజ్జరంలో ఆపమన్నారు, ఇత్తడి సామానుకి పేరున్న ఊరు కదా, గుడికి గంట ఇస్తానని మొక్కుందట. కొట్టాయన గంట కొట్టి "చివర దాకా వినండమ్మా" అన్నాడు. వెంట్రుకంత పగులున్నా చివర్లో శబ్దం జీరబోతుందట. గిన్నెల గురించి అడిగితే, రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు, తగరం నూటికి ఇరవై పైచిలుకు ఉంటేనే ఆ మోత అన్నాడు. మేం కళ్ళు మూసుకుని ఒక్కో గిన్నే వింటుంటే ఆయన ఏమాత్రం విసుక్కోలేదు. చిన్న కంచు గిన్నె 1,450, మావారు బేరమాడి 1,300కి తెచ్చారు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అత్తగారు కుర్చీలో కూర్చుని గిన్నె ఒకసారి మోగించి, కుడి బొటనవేలు, చూపుడు వేలు అని మొదలుపెడతారు. మేమిద్దరం చాప మీద. ఇంతవరకూ ఎడమ చేతి దాకా ఎవ్వరం వెళ్ళలేదు, ఆవిడతో సహా.